లఫ్రోయిగ్‌లో నాకు ఆసుపత్రి వార్డు వాసన వచ్చింది. పొగ ఉన్న స్కాచ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

బందరమ్మాయి:

అందరికీ నమస్కారం. నేను నర్సుని. మాది మచిలీపట్నం, రెండున్నరేళ్లుగా గ్లాస్గోలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. పోయిన నెల దాకా విస్కీ రుచి ఎలా ఉంటుందో కూడా తెలియదు. మా ఇంట్లో ఆ మాట ఎత్తితేనే అమ్మ ముఖం మారిపోతుంది. మా బాబాయి తాగుడూ, దానివల్ల పిన్ని పడ్డ బాధా చూస్తూ పెరిగాం. అందుకే ఈ పోస్టు రాయాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాను. ఇక్కడ స్కాచ్ గురించి ఓపిగ్గా రాసేవాళ్లు ఉన్నారని చూసి ధైర్యం చేశాను.

మా వార్డులో చాలా ఏళ్లు పనిచేసిన సీనియర్ సిస్టర్ ఒకరు రిటైర్ అవుతూ మా నలుగురినీ ఒక టేస్టింగ్‌కి తీసుకెళ్లారు. ఒక విస్కీ షాపు పైన చిన్న గది, ఒక్కొక్కరి ముందు ఆరు గ్లాసులు, ఒక్కోదాంట్లో 15 మి.లీ. ఆరూ కలిపి ఇక్కడి లెక్కలో దాదాపు 4 యూనిట్లు (ఒక యూనిట్ అంటే 10 మి.లీ. అసలు ఆల్కహాల్). వారానికి 14 యూనిట్లు దాటొద్దని పేషెంట్లకు చెప్పేది మేమే కదా, కూర్చోగానే ఆ లెక్క చూసుకున్నాను. బస్సులో వెళ్లి బస్సులోనే వచ్చాం.

నడిపించినాయన ఒక కాగితం ఇచ్చారు. ఏ గ్లాసులో ఏ వాసనలు వెతకాలో అందులో ఉంది. హెదర్ పువ్వు, మార్జిపాన్, క్రిస్మస్ కేకు. సగం పదాలకు నా దగ్గర జ్ఞాపకమే లేదు. లేని జ్ఞాపకం ముక్కుకు ఎలా తగులుతుంది? కాగితం తిరగేసి వెనకవైపు నా మాటల్లో రాసుకున్నాను. అదే ఇక్కడ పెడుతున్నాను.

మొదటిది ఆకెన్‌టాషన్ 12 ఏళ్లది. గ్లాస్గో పక్కనే క్లైడ్‌బ్యాంక్ దగ్గర చేస్తారట, మిగతావాళ్లు ఎక్కువగా రెండుసార్లు కాచి దించితే (డిస్టిల్ చేస్తే) వీళ్లు మూడుసార్లు దించుతారట. నిమ్మతొక్క, పచ్చి బాదం. తేలిగ్గా వెళ్లిపోయింది. రెండోది గ్లెన్‌లివెట్ 12. అనాస, దోరజామ. వేసవి సెలవుల్లో ఉప్పూ కారం అద్దుకుని తిన్న జామకాయ నుంచి ఆ ఉప్పూ కారం తీసేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

మూడోది గ్లెన్‌ఫార్క్లస్ 15. షెర్రీ అనే స్పెయిన్ ద్రాక్షసారా పోసిన పీపాల్లో పండిందని చెప్పారు. ముక్కు దగ్గర పెట్టగానే నాకు తెలియకుండానే కళ్లు మూసుకున్నాను. బందరు హల్వా! తెల్లారుజామున గోధుమపాలు బెల్లంతో ఉడికి ఉడికి, నెయ్యి పైకి తేలి, మూకుడు అంచున కొంచెం మాడినప్పుడు వచ్చే ఆ వాసన. దాని వెనక ఎండుఖర్జూరం, కిస్మిస్. పక్కనున్న స్కాటిష్ అమ్మాయి క్రిస్మస్ కేకు అంది. ఇద్దరం ఒకటే చెబుతున్నామని అప్పుడు అర్థమైంది.

క్లైన్‌లిష్ 14 లో అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి వాసన. నాలుక మీద కూడా మైనం పూసినట్టు నున్నగా ఉంది. స్ప్రింగ్‌బ్యాంక్ 10 గురించి ఎంత రాసినా చాలదు. తడి గోనెసంచులు, ఊక, మెషిన్ నూనె, ఆ వెనక లేత పొగ. మా నాన్న గుమాస్తాగా చేసిన రైసుమిల్లులోకి మళ్లీ అడుగుపెట్టినట్టుంది.

ఇక ఆరోది లఫ్రోయిగ్ 10. గ్లాసు ఇంకా ముక్కు దాకా రాలేదు, నేను డ్యూటీలో ఉన్నాను. టింక్చరు, కట్టు బట్ట, ఫినాయిలు వేసి తుడిచిన నేల. నేను ట్రైనింగ్ చేసిన చోట రాత్రి రెండింటికి వార్డు ఎలా ఉండేదో సరిగ్గా అదే. ఆ వార్డులో నా కళ్లముందు పోయిన మొదటి పేషెంటు గుర్తొచ్చాడు. ఒక చుక్క నోట్లో వేసుకుని గ్లాసు పక్కన పెట్టేశాను. మన భాషలో మందు అంటే అదీ ఇదీ రెండూ కదా, ఆ రెండూ ఒకే గ్లాసులో ఎదురవుతాయని మాత్రం నేను అనుకోలేదు.

అయితే ఒక సంగతి జరిగింది. ఆ రోజు ఇచ్చిన గ్లాసుల్లో ఒకటి మాకే ఇచ్చేశారు. కడగకుండానే కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చాను. అది లఫ్రోయిగ్ గ్లాసే. పొద్దున్నే తీసి చూస్తే ఆసుపత్రి లేదు. చల్లారిన పొయ్యిలో బూడిద, కొబ్బరిడొక్కలు కాల్చిన పొగ, అంతే. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

అందుకే అడుగుతున్నాను. ఈ పొగ రకాన్ని నేను వదిలేయాలా, లేక ఇంకో దారిలో మెల్లగా దగ్గరికి వెళ్లొచ్చా? ఆసుపత్రి వాసన ఎందుకు వస్తుంది, అది నా ఊహ మాత్రమేనా? నీళ్లు కలపడం మీద కూడా ఆ గదిలో ఇద్దరు రెండు రకాలుగా చెప్పారు. ఒకాయన నీళ్లు పోస్తే పాడవుతుందన్నారు, నడిపించినాయన తప్పకుండా పోసి చూడమన్నారు. వేసవిలో మా వార్డు వాళ్లు ఐలా ద్వీపానికి వెళ్దామంటున్నారు. లఫ్రోయిగ్ పుట్టిల్లు అదే కాబట్టి వెళ్లడానికి కొంచెం టెన్షన్‌గా ఉంది.


లీత్ రేవు:

అమ్మా, ముందుగా ఒక మాట. ఆ వాసన మీ ఊహ కాదు. మీరు చెప్పింది అక్షరాలా నిజం, మీరు ఉంటున్న ఊరికే దానితో సంబంధం ఉంది.

ఆ పొగ పీట్‌ది. పీట్ అంటే బురద నేలల్లో నాచూ గడ్డీ వేల ఏళ్లుగా సగం కుళ్లి గట్టిపడ్డది. తవ్వి, ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, మనం పిడకలు కాల్చినట్టు కాలుస్తారు. మొలకెత్తిన బార్లీని ఆ పొగ మీద ఆరబెడితే పొగలోని ఫీనాల్, క్రెసాల్, గ్వాయకాల్ లాంటి రసాయనాలు గింజకు పట్టుకుంటాయి. ఫీనాల్‌కే పాతపేరు కార్బాలిక్ ఆసిడ్. 1865లో జోసెఫ్ లిస్టర్ గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీలో ఎముక విరిగి చర్మం చీల్చుకొచ్చిన ఒక పిల్లవాడి కాలికి కార్బాలిక్ ఆసిడ్‌తో తడిపిన గుడ్డ కట్టి, చీము పట్టకుండా నయం చేశాడు. మీ వృత్తిలో గాయం కడిగి శుభ్రం చేసే పద్ధతికి అదొక పెద్ద మొదలు. గ్వాయకాల్ కాల్చిన కట్టె వైపు లాగుతుంది, క్రెసాల్ ఫినాయిలు వైపు. లఫ్రోయిగ్‌లో ఆ రెండో వైపు బాగా ముందుకొస్తుంది. మీ ముక్కు దాన్ని పసిగట్టింది.

పొగ లెక్క పీపీఎంలో, అంటే పది లక్షల భాగాల్లో ఎన్ని ఫీనాళ్లు అని, చెబుతారు. లఫ్రోయిగ్ బార్లీ 40 పైన ఉంటుంది, ఆర్డ్‌బెగ్ 55 దాకా, లాగవూలిన్ 35 దగ్గర, బోమోర్ 25 దగ్గర. ఆ లెక్క బార్లీ గింజది, మీ గ్లాసులోది కాదు. కాచి దించేటప్పుడు చాలా భాగం పోతుంది, పీపాలో ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా తగ్గుతుంది. పైగా బరువైన ఫీనాళ్లు కాచేటప్పుడు చివర్లో దిగుతాయి కాబట్టి సారాన్ని ఏ క్షణంలో ఆపి పక్కకు తీస్తారన్నది కూడా ముఖ్యం. లాగవూలిన్, కల్ ఈలా రెండింటికీ బార్లీ పోర్ట్ ఎలెన్ మాల్టింగ్స్ అనే, బార్లీని మొలకెత్తించి ఆరబెట్టే చోటు నుంచే వస్తుంది. రుచి చూస్తే ఒకటి బరువుగా, ఒకటి పల్చగా శుభ్రంగా ఉంటుంది. స్టిల్లులు, అంటే కాచే పాత్రలు, వేరు, వాటిని నడిపే తీరు వేరు.

అందుకని లఫ్రోయిగ్‌ని ఇప్పుడే వదిలేయకండి, కొన్నాళ్లు పక్కన పెట్టండి. ముందు బోమోర్ 12 పట్టుకోండి, పొగతో పాటు తేనే నిమ్మా కూడా ఉంటాయి. ఆ తర్వాత స్కై ద్వీపం టాలిస్కర్ 10, అందులో మిరియాల ఘాటు మీకు నచ్చుతుందని నా నమ్మకం. ఆపైన కల్ ఈలా 12. ఒక్కో దానికీ మధ్య కనీసం వారం ఇవ్వండి.

నీళ్ల సంగతి. పీపాలో పోసేటప్పుడు సారంలో ఆల్కహాల్ మామూలుగా 63.5 శాతం దగ్గర ఉంటుంది. సీసాలోకి వచ్చేసరికి 40 నుంచి 46. అంటే చాలా సీసాల్లో మీకంటే ముందు వాళ్లే నీళ్లు కలిపారు. 2017లో స్వీడన్ పరిశోధకులు కంప్యూటర్ మీద లెక్కగట్టి, సారం బలం తగ్గినకొద్దీ గ్వాయకాల్ అణువులు గ్లాసు పైపొర దగ్గరికి చేరతాయని చూపించారు. ముక్కు ఉండేది అక్కడే. కాబట్టి కొన్ని చుక్కలు పోస్తే పొగ పెరిగినట్టు కూడా అనిపించవచ్చు, భయపడకండి. ముందు ఏమీ కలపకుండా చూడండి, తర్వాత కొంచెం, ఆ తర్వాత ఇంకొంచెం.


నిజాంపేట నుంచి:

అక్కా, నేను హైదరాబాద్‌లో ఉంటాను. మీరు రాసింది రెండుసార్లు చదివాను. బాబాయి గురించి రాసినచోట ఆగిపోయాను, మా ఇంట్లో కూడా ఆ కథ ఉంది. నేను తాగేది నెలకు ఒకటి రెండుసార్లు, అదీ 30 మి.లీ. దాటకుండా.

ఇక్కడ ఎవరింటికి వెళ్లినా 60 పోసి, పైన చల్లటి సోడా నిండా పోసి, మిక్చరుతో ఇస్తారు. చల్లదనానికి వాసన అణిగిపోతుంది. గ్లాసులో వాసన చూడాలనే ఆలోచనే నాకు ఇన్నేళ్లూ రాలేదు. మీ పోస్టు చదివాక నిన్న రాత్రి జానీ వాకర్ బ్లాక్ లేబుల్ మామూలు నీళ్లతో కొంచెం తీసుకుని, పావుగంట వాసన చూస్తూ కూర్చున్నాను. చివర్లో పొగ ఉంది! ఎన్నోసార్లు తాగాను, ఒక్కసారీ తెలియలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలనిపించింది. సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో, మొలకెత్తిన బార్లీతోనే చేసిన విస్కీ) గురించి మాట్లాడేవాళ్లు బ్లెండ్‌ని తక్కువ చేస్తారు. అది నాకు బాధగా ఉంటుంది. స్కాచ్‌లో ఎక్కువగా అమ్ముడయ్యేది బ్లెండే. గోధుమ, మొక్కజొన్న లాంటి గింజలతో నిలువు స్టిల్లులో తీసిన గ్రెయిన్ విస్కీనీ, రకరకాల మాల్టులనీ కలిపి ప్రతి ఏడూ ఒకే రుచి తేవడం చిన్న పని కాదు. కల్ ఈలా గురించి పైన లీత్ రేవు అన్న చెప్పారు కదా, జానీ వాకర్‌లో ఆ పొగకు అది ముఖ్యమైన ఆధారం అంటారు. మీకు సింగిల్ మాల్ట్‌లో పొగ మరీ ఎదురుగా ఉంటే, బ్లెండ్‌లో అది తలుపు చాటున నిలబడి ఉంటుంది. అక్కడ మొదలుపెట్టినా తప్పులేదు.

మీరు గ్లాస్గోలో ఉన్నారు కాబట్టి ఇంకొకటి. మన బెంగళూరు అమృత్ సింగిల్ మాల్ట్ మొదట బయటికి వచ్చింది 2004లో మీ ఊళ్లోనే. దొరికితే అమృత్ ఫ్యూజన్ చూడండి, మన దేశపు బార్లీ, స్కాట్లాండ్ పీట్ బార్లీ రెండూ అందులో ఉంటాయి. మన వేడికి పీపాలో నుంచి ఆవిరి చాలా త్వరగా పోతుంది, అక్కడ ఏడాదికి దాదాపు 2 శాతం అంటారు కదా, ఇక్కడ దానికి ఎన్నో రెట్లు. అందుకే తక్కువ ఏళ్లకే పండిపోతుంది.


స్పే ఒడ్డున:

నేను స్కాట్లాండ్‌లో స్పేసైడ్ వైపు ఎల్గిన్‌లో ఉంటాను, పిల్లల బడిలో పని. బందరు హల్వా అన్న మాట చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. మాది గుడివాడ.

గ్లెన్‌ఫార్క్లస్ మాకు దగ్గరే. 1865 నుంచి ఒకే కుటుంబం చేతుల్లో ఉంది. స్టిల్లుల కింద ఇప్పటికీ నేరుగా మంట పెడతారు, చాలామంది ఆవిరికి మారిపోయారు. మీకు మూకుడు అంచున మాడిన వాసన తగిలిందంటే దానివల్లేనా అని ఖచ్చితంగా చెప్పలేను గానీ, ఎక్కువ భాగం మాత్రం పీపాదే.

ఇక్కడే లీత్ రేవు గారు చెప్పినదానికి కొంచెం చేర్చాలి. కొత్తగా వచ్చినవాళ్లకు అందరూ ప్రాంతాలు చెబుతారు. ఐలా అంటే పొగ, స్పేసైడ్ అంటే పండ్లు, లోలాండ్ అంటే తేలిక. అది మొదట్లో పనికొస్తుంది, తర్వాత దారి తప్పిస్తుంది. చట్టం స్కాచ్‌కి పెట్టిన నియమాలు వేరు: స్కాట్లాండ్‌లోనే, 700 లీటర్లు మించని ఓక్ పీపాలో, కనీసం 3 ఏళ్లు, సీసాలో కనీసం 40 శాతం. పొగ ఉండాలనీ వద్దనీ ఏ ప్రాంతానికీ నియమం లేదు. ఐలాలోనే బున్నహావెన్ ఉంది, వాళ్ల 12 ఏళ్లదానిలో పొగ ఉండదు, షెర్రీ పీపాల తీపి, కొంచెం ఉప్పు. మీకు హల్వా నచ్చింది కాబట్టి ఐలాకు వెళ్లడానికి అదే మీకు గుమ్మం అవుతుంది. దాన్ని బోమోర్ కంటే ముందు పెట్టండి.

క్రెయిగెలాకీలో స్పేసైడ్ కూపరేజ్ అని పీపాలు బాగుచేసే చోటు ఉంది, వీలైతే అది చూడండి. అమెరికాలో బర్బన్ అనే అక్కడి విస్కీకి కొత్తగా లోపల కాల్చిన ఓక్ పీపానే వాడాలి, అందుకే వాళ్లు ఒకసారి వాడిన 200 లీటర్ల పీపాలు ఓడల్లో ఇక్కడికి వస్తాయి. వెనిల్లా, కొబ్బరి వాసనలు వాటివి. షెర్రీ పీపా పెద్దది, 500 లీటర్లు ఉంటుంది. ఎండుఖర్జూరం, కిస్మిస్ దానివి. పనివాళ్లు పీపా పట్టీలు సుత్తితో కొట్టే చప్పుడు చెవులు గింగిర్లెత్తిస్తుంది. కొత్తగా కాల్చిన ఓక్ వాసన ఒక్కసారి చూస్తే ఆ తర్వాత ప్రతి గ్లాసులో దొరుకుతుంది.

ఐలాకు మే నెలాఖరులో వెళ్లకండి. అప్పుడు ఫెష్ ఈలా అనే విస్కీ పండుగ, ఫెరీ టికెట్టూ గదీ దొరకడం కష్టం. ఇవతలి ఒడ్డున ఉన్న కెన్నాక్రెయిగ్ రేవు నుంచి ఫెరీ రెండు గంటల పైన పడుతుంది. పోర్ట్ ఎలెన్‌లో దిగితే లఫ్రోయిగ్, లాగవూలిన్, ఆర్డ్‌బెగ్ మూడూ వరుసగా సముద్రం పక్కనే, నడకదారి కూడా ఉంది, మొత్తం సుమారు ఐదు కిలోమీటర్లు. కారు తీసుకెళ్తే నడిపేవాళ్లు అసలు తాగకూడదు. స్కాట్లాండ్ పరిమితి 100 మి.లీ. రక్తానికి 50 మి.గ్రా., ఇంగ్లండ్‌లో 80. నడిపేవాళ్లకు చిన్న సీసాలో పోసి ఇంటికి ఇచ్చే పద్ధతి డిస్టిలరీల్లో ఉంది, అడగండి.


బందరమ్మాయి:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఆరు వారాల తర్వాత రాస్తున్నాను, నైట్ డ్యూటీల వల్ల ఆలస్యమైంది.

గుడివాడ అక్క చెప్పినట్టే బున్నహావెన్ 12 తో మొదలుపెట్టాను. సీసా కొనలేదు, ఇంటి దగ్గర పబ్బులో 25 మి.లీ. తీసుకున్నాను. అది 46 శాతం పైన ఉంటుంది, నీళ్లు లేకుండా నాలుక మండింది. నా పర్సులో సూది లేని కొత్త సిరంజి ఒకటి పెట్టుకుని వెళ్లాను, ఒక్కో మి.లీ. చొప్పున కలుపుతూ చూశాను. నాకు 4 మి.లీ. దగ్గర సరిపోయింది. 46 శాతం 25 మి.లీ.కి 4 మి.లీ. కలిపితే దాదాపు 40 అవుతుంది. 3 దగ్గర తీపి విడిగా, ఉప్పు విడిగా ఉన్నాయి, 4 దగ్గర కలిశాయి. ఇది అందరికీ ఇలాగే ఉండాలని లేదు. కానీ కొలిచి చూస్తే నాకు నా సంగతి తెలిసింది. బారు వెనకున్న పెద్దాయన నా సిరంజి చూసి, ఆగి, తను కూడా ఒక గ్లాసులో నీళ్లు తెచ్చి పక్కన పెట్టి వెళ్లాడు.

తర్వాతి వారం బోమోర్. పొగ ఉంది, కానీ వంటింటి పొగ. టాలిస్కర్‌లో మిరియాల చారు వేడివేడిగా గొంతు దిగినట్టుంది, అది నాకు బాగా నచ్చింది. కల్ ఈలా దగ్గర మళ్లీ దూరంగా ఫినాయిలు తగిలింది. ఈసారి గ్లాసు కింద పెట్టలేదు. లిస్టర్ గురించి చదివాను కాబట్టి, ఆ పిల్లవాడి కాలి గుడ్డ గుర్తొచ్చింది. చనిపోయిన నా పేషెంటు కూడా గుర్తొచ్చాడు, గుర్తు రానిచ్చాను.

పోయిన ఆదివారం లఫ్రోయిగ్ 50 మి.లీ. చిన్న సీసా తెచ్చుకుని అందులో సగం పోసుకున్నాను. అది 40 శాతమే కాబట్టి నీళ్లు 1 మి.లీ. మాత్రమే. వార్డు వాసన పోలేదు, ఉంది. కానీ అరగంట గ్లాసు పట్టుకుని కూర్చుంటే దాని వెనక నుంచి మా బందరు చేపల రేవు గిలకలదిండి వచ్చింది. రేవులో తడి తాళ్లు, ఇసుక మీద పరిచిన ఎండుచేపలు, పడవ పక్కన ఎవరో కొబ్బరిడొక్కలతో పెట్టిన మంట. నాన్న సైకిల్ మీద తీసుకెళ్లేవారు. మొత్తం తాగలేకపోయాను, సగమే తాగాను. నచ్చిందా అంటే ఇంకా చెప్పలేను. కానీ దగ్గర పెట్టుకోవాలనిపించింది.

నిజాంపేట తమ్ముడూ, అమృత్ ఫ్యూజన్ ఇక్కడ ఒక షాపులో చూశాను, వచ్చే జీతానికి కొంటాను. మీ ఇంటి కథ కూడా ఉందన్నారు, ఎప్పుడైనా మాట్లాడాలనిపిస్తే రాయండి.

ఐలాకు జూన్ రెండో వారం వెళ్తున్నాం, నలుగురం, కారు లేకుండా. పోర్ట్ ఎలెన్‌లో గది దొరికింది. మూడు డిస్టిలరీలకు నడిచే వెళ్తాం. నాకు బున్నహావెన్ కూడా చూడాలని ఉంది, మ్యాపులో చూస్తే అది ద్వీపానికి ఆ చివర ఉంది. అక్కడిదాకా బస్సు వెళ్తుందా, లేక ద్వీపంలో ఇంకో రేవైన పోర్ట్ అస్కెగ్‌లో దిగి ట్యాక్సీ మాట్లాడుకోవాలా? వెళ్లినవాళ్లు చెప్పండి.